పక్షం రోజుల గోడకు అవతల

ఏటా ఏప్రిల్ నెల సగంలో భారత వాతావరణ శాఖ ఒక ప్రకటన చేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశం మొత్తం మీద వర్షం దీర్ఘకాల సగటులో ఇంత శాతం ఉంటుందని, ఓ అయిదు శాతం అటూ ఇటూ కావచ్చని దాని సారాంశం. ఇప్పుడు లెక్కలో ఉన్న సగటు 87 సెంటీమీటర్లు. మర్నాడు పేపరు చదివినవాళ్లలో ఒక్కరైనా అనే మాట ఒకటుంది: ‘‘రెండు వారాల తర్వాత ఫలానా రోజు వాన పడుతుందో లేదో చెప్పలేరు గానీ, నాలుగు నెలల లెక్క మాత్రం ఇప్పుడే చెప్పేస్తారు!’’

వెటకారంగా అన్నా, అడగదగ్గ ప్రశ్నే. యాభై ఏళ్ల కిందట వాతావరణ శాస్త్రవేత్తల్లోనే చాలామంది ఇలా అనుకునేవారు. పదిహేనో రోజు సంగతే తెలియనప్పుడు నూరో రోజు సంగతి ఎత్తడం దండగ అని వాళ్ల వాదన. ఈ రెండూ ఒకే ప్రశ్న కాదని, మొదటిదానికి జవాబు లేకపోయినా రెండోదానికి ఉండొచ్చని చూపించడానికే పరిశోధన జీవితమంతా వెచ్చించిన మనిషి జగదీశ్ శుక్లా. ఆయన చేసిందేమిటో తెలియాలంటే ముందు ఆ పదిహేను రోజుల గోడ ఎక్కడిదో చూడాలి.

1961 చలికాలం. అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ దగ్గర బల్లంత కంప్యూటర్ ఒకటి ఉండేది, రాయల్ మెక్‌బీ కంపెనీది. పన్నెండు సమీకరణాలతో అల్లిన ఒక బొమ్మ వాతావరణాన్ని ఆయన అందులో నడిపిస్తుండేవారు. ఒకరోజు పాత లెక్కలో కొంత భాగాన్ని మళ్లీ చూడాలనిపించింది. మధ్యలో అచ్చయి ఉన్న అంకెలను తీసి యంత్రానికి ఇచ్చి కాఫీకి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే కొత్త లెక్క కాసేపు పాతదాని వెంటే నడిచి, మెల్లగా దారి మళ్లి, రెండు నెలల ‘వాతావరణం’ గడిచేసరికి పాతదానితో ఏ పోలికా లేకుండా తయారైంది. యంత్రం పాడైందేమో అనుకున్నారు. పాడవలేదు. యంత్రం కడుపులో 0.506127 అని ఉన్న అంకె కాగితం మీద 0.506 అని అచ్చయింది. ఆయన తిరిగి ఇచ్చింది కాగితం మీది అంకె. ఉన్న తేడా నాలుగు వేలల్లో ఒక వంతు.

దీని అర్థం ఇదీ. ఈ ఉదయం ఆకాశం ఎలా ఉందో ఎంత జాగ్రత్తగా కొలిచినా ఎక్కడో కాస్త తప్పు మిగిలిపోతుంది. రెండు కేంద్రాల మధ్య గాలి ఎలా వీస్తోందో తెలియదు, సముద్రం మీద కొలతలు పలచన. ఆ కాస్త తప్పు కొద్ది రోజులకొకసారి రెట్టింపవుతూ పోయి, చివరికి లెక్కలోని వాతావరణానికీ బయటి వాతావరణానికీ సంబంధం లేకుండా చేస్తుంది. ఏ రోజు వాతావరణం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంచుమించు రెండు వారాలే హద్దని 1960ల చివరికి తేలింది. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా ఈ హద్దు పెద్దగా జరగదు. ఒకచోట సీతాకోకచిలుక రెక్కలాడిస్తే ఇంకెక్కడో తుపాను పుట్టొచ్చనే కథ ఇక్కడి నుంచి వచ్చిందే. జనానికి ఆ కథ ఎంత నచ్చిందంటే, వాతావరణంలో దేన్నీ ముందుగా చెప్పలేమనే అభిప్రాయం స్థిరపడిపోయింది. లోరెంజ్ మాత్రం ఆ మాట అనలేదు.

శుక్లా 1944లో ఉత్తరప్రదేశ్ తూర్పు కొసన బలియా జిల్లాలోని మిర్ధా అనే పల్లెలో పుట్టారు. ఊరికి కరెంటు లేదు, రోడ్డు లేదు. బడికి గది లేదు కాబట్టి ప్రాథమిక చదువు చాలావరకు మర్రిచెట్టు కిందే సాగింది. చుట్టుపక్కల ఏ హైస్కూల్లోనూ సైన్సు చెప్పేవారు కారు. ఆరు నుంచి పదో తరగతి వరకు సైన్సు పుస్తకాలన్నీ ఒక్క వేసవిలో చదవమని తండ్రి పురమాయించారు. ఆ చదువుతోనే బలియా కాలేజీలో సైన్సు విద్యార్థిగా చేరగలిగారు. తర్వాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్, ఆపైన పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ. ఇలాంటి బాల్యాన్ని విజయగాథగా మలచడం పత్రికలకు అలవాటే. నాకు మాత్రం ఇందులో ఆయన ఎంచుకున్న ప్రశ్నకు మూలం కనిపిస్తుంది. వాన మీద బతికే ఊళ్లో మొదటి ప్రశ్న ‘ఏ తేదీన పడుతుంది’ అని కాదు, ‘ఈ ఏడు కాలమవుతుందా’ అని. ఎంత విత్తనం కొనాలి, అప్పు చేయాలా వద్దా, గొడ్డును ఉంచుకోవాలా అమ్ముకోవాలా అన్నవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలని మన దేశంలో అంతకు ముందే నూరేళ్ల ప్రయత్నం ఉంది. 1876-78 మధ్య మద్రాసు రాజధానిని, అందులో మరీ ఎక్కువగా బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను ఊడ్చేసిన కరువు తర్వాత ఈ పనిలో దిగిన మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. హిమాలయాల మీద మంచు ఎక్కువ కురిసిన ఏడు వానలు తగ్గుతాయని గమనించి, 1880లలో దాన్నిబట్టి సూచనలు ఇచ్చారు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితంలో దిట్ట. ప్రపంచంలో ఎక్కడెక్కడి పీడనాలకూ మన వానలకూ పొత్తు కుదురుతుందో లెక్కలు కట్టించి, పసిఫిక్ మహాసముద్రానికి అటొడ్డున పీడనం పెరిగితే ఇటొడ్డున తగ్గే ఒక పెద్ద ఊగిసలాటను కనిపెట్టారు. కానీ ఇవన్నీ పాత రికార్డుల్లో దొరికిన పొత్తులు. అవి ఎందుకు కుదురుతున్నాయో తెలియదు కాబట్టి ఎప్పుడు చెడతాయో కూడా తెలియదు. కొన్ని నిజంగానే చెడ్డాయి.

పుణే నుంచి ఎంఐటీకి వెళ్లిన శుక్లాకు అక్కడ గురువు జూల్ చార్నీ. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద తొలి సంఖ్యాత్మక వాతావరణ సూచనను నడిపిన బృందానికి నాయకుడాయన. అదే విభాగంలో లోరెంజ్ కూడా ఉన్నారు. పాత రికార్డుల్లో పొత్తులు వెతకడం మానేసి, మోడల్‌లోనే ప్రయోగం చేసి కారణం తేల్చాలన్నది శుక్లా పట్టిన దారి.

మోడల్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. భూమి చుట్టూ ఉన్న గాలిని అడ్డంగా, నిలువుగా గళ్లుగా విడదీస్తారు. ఒక్కొక్క గడిలో గాలి వేగం, వేడి, తేమ, పీడనం ఎంతో అంకెలు వేస్తారు. గాలి ఎటు కదులుతుంది, ఎక్కడ పైకి లేస్తుంది, ఆవిరి ఎప్పుడు నీరవుతుంది అన్నవాటికి భౌతికశాస్త్ర సూత్రాలున్నాయి. వాటితో కొద్ది నిమిషాల తర్వాత ఆ అంకెలు ఎలా మారతాయో లెక్క కడతారు. మళ్లీ మరికొన్ని నిమిషాలు. అలా రోజులు, నెలలు. 1970లలో ఒక గడి వెడల్పు కొన్ని వందల కిలోమీటర్లు, అంటే తెలుగు నేల మొత్తం రెండు మూడు గళ్లకు మించదు. 2025లో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి వెడల్పు 6 కిలోమీటర్లు. మేఘం దీనికన్నా చిన్నది కాబట్టి మేఘాల పనితీరును ఇప్పటికీ కొంత ఉజ్జాయింపుగానే రాయాలి. మోడళ్లు ఒకదానితో ఒకటి విభేదించేది చాలావరకు ఇక్కడే.

ప్రిన్స్‌టన్‌లో స్యుకురో మనాబే బృందం కట్టిన మోడల్ ఒకటుండేది. మనాబేకు తర్వాత, 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. శుక్లా ఆ మోడల్‌ను రెండుసార్లు నడిపారు. మొదటిసారి సముద్రాలన్నీ ఆ కాలానికి ఉండవలసిన వేడితో ఉన్నాయి. రెండోసారి ఒక్కటే మార్పు చేశారు. సోమాలియా తీరం వెంబడి, అరేబియా సముద్రం పడమటి భాగంలో నీటిని చల్లబరిచారు. రుతుపవనాల గాలి మన వైపు తిరిగేది ఆ నీటి మీదుగానే. రెండో లెక్కలో భారతదేశం మీద వాన తగ్గింది. 1975లో అచ్చయిన ఈ పని చూడ్డానికి చిన్నదే. తర్వాత వేరే మోడల్‌తో ఇలాంటి ప్రయోగం చేసినవారికి ఇంత గట్టి ఫలితం రాలేదు కూడా. కానీ ప్రశ్న అడిగే పద్ధతి మారింది. ఆకాశంలోని అంకెలను ముట్టుకోకుండా కింద ఉన్న సముద్రాన్ని మాత్రం మార్చి, పైన ఏమవుతుందో చూడడం అప్పటి నుంచి ఆయనకు చేతి కిందికొచ్చిన పనిముట్టు అయింది.

సముద్రమే ఎందుకు? గాలికి జ్ఞాపకశక్తి తక్కువ, నీటికి ఎక్కువ. భూమి చుట్టూ ఉన్న మొత్తం గాలి ఎంత వేడిని దాచుకోగలదో, సముద్రం పైపైన మూడు మీటర్ల లోపు నీరే అంత దాచుకోగలదు. సముద్రంలో ఒకచోట నీరు మామూలుకన్నా ఒక డిగ్రీ వేడెక్కితే ఆ వేడి వారంలో చల్లారదు, నెలల తరబడి ఉంటుంది. అన్నాళ్లూ పైనున్న గాలిని ఒకే వైపు నెడుతూ ఉంటుంది.

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో నిలబడి చూడండి. ఆ సంచీ పట్టుకున్నాయన ఏ బస్సు ఎక్కుతాడో, ఎన్ని గంటలకు ఎక్కుతాడో ఎవరూ చెప్పలేరు. కోస్తా వైపు వెళ్లే బస్సుల్లో సీటు దొరకదని మాత్రం ఆరు నెలల ముందే చెప్పొచ్చు. ఒక్కొక్కరి కదలికా లెక్కగట్టి చెప్పిన జోస్యం కాదది, పండగ ఎప్పుడో తెలుసు కాబట్టి చెప్పిన మాట. రోజువారీ వాతావరణం ఆ సంచీ ఆయన లాంటిది. పండగ స్థానంలో ఉన్నది సముద్రపు వేడి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఐరోపా, ఉత్తర అమెరికా లాంటి చలిదేశాల్లో రేపటి వాతావరణాన్ని మనకన్నా బాగా చెప్పగలరు. అక్కడ చల్లగాలీ వేడిగాలీ ఢీకొనడం వల్ల పుట్టే పెద్ద పెద్ద సుడులు పడమటి నుంచి తూర్పుకు ఒక క్రమంలో వస్తుంటాయి. మన దగ్గర మధ్యాహ్నం ఎక్కడ ఉరుము మేఘం లేస్తుందో పొద్దున కూడా తెలియదు. అదే మొత్తం రుతువు సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. ఆ సుడుల గందరగోళంలో చలిదేశాలకు సముద్రం మాట సరిగ్గా వినబడదు. ఉష్ణమండలంలో వెచ్చటి నీళ్లు ఎక్కడుంటే అక్కడ గాలి పైకి లేస్తుంది, అక్కడే వాన. 1981లో అచ్చయిన పత్రంలో చార్నీ, శుక్లా చెప్పింది ఇదే. రోజువారీగా చూస్తే అంతుచిక్కని రుతుపవనాలు, రుతువు సగటుగా చూస్తే అంచనాకు అందాలి, ఎందుకంటే వాటి పగ్గం సముద్రం, నేల, మంచు లాంటి నింపాదిగా మారేవాటి చేతిలో ఉంది. చార్నీ అదే ఏడాది చనిపోయారు.

ఆ తర్వాత కొన్నేళ్లకే ప్రకృతి ఒక ఉదాహరణ ఇచ్చింది. 1987లో పసిఫిక్ మధ్య, తూర్పు భాగాలు వేడెక్కి ఎల్‌నినో వచ్చింది. మన దేశంలో వర్షం సగటుకన్నా 19 శాతం తక్కువ పడి దారుణమైన కరువు. మరుసటి ఏడు అదే నీరు చల్లబడి లానినా అయింది. వర్షం 19 శాతం ఎక్కువ. ఇంత చక్కగా కుదిరిన జంట మళ్లీ దొరకడం కష్టం. చెప్పవలసిందేమిటంటే, ఇలాంటి జంటలు చూసి మురిసిపోవడం కూడా ప్రమాదమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

సముద్రం ఒక్కటే కాదు, నేలకూ జ్ఞాపకం ఉంటుంది. 1982లో శుక్లా, యేల్ మింట్జ్ కలిసి చేసిన ప్రయోగం కాస్త మొరటుది, అందుకే గుర్తుండిపోతుంది. ఒక లెక్కలో ప్రపంచంలోని నేలంతా ఎప్పుడూ తడిగా ఉంటుందన్నారు, రెండో లెక్కలో ఎక్కడా చుక్క తడి లేదన్నారు. పొడి లెక్కలో ఉత్తరార్ధగోళపు ఖండాల మీద వేసవి ఎండ విపరీతంగా పెరిగింది, చాలాచోట్ల వాన కురవడమే మానేసింది. కురిసిన వానలో కొంత నేలే తిరిగి ఆకాశానికి ఇస్తోందని, అది ఆగితే తర్వాతి వానకు దెబ్బ అని దానివల్ల తెలిసింది. 1990లో కార్లోస్ నోబ్రే, పియర్స్ సెల్లర్స్‌తో కలిసి అమెజాన్ అడవిని మోడల్‌లో తీసేసి గడ్డి నేల పెట్టి చూశారు. వేడి పెరిగింది, వాన తగ్గింది, ఎండాకాలం సాగింది. అడవి ఒకసారి పోతే తిరిగి మొలవడానికి కావలసిన వాన అక్కడ ఉండకపోవచ్చన్నది ఆ పత్రంలోని హెచ్చరిక. నాసా గొడార్డ్ కేంద్రం, మేరీలాండ్ విశ్వవిద్యాలయం, 1984లో తాను పెట్టిన సముద్రం-నేల-వాతావరణ అధ్యయన కేంద్రం, తర్వాత జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం: ఇలాంటి పనులు ఆయన ఈ చోట్ల ఉంటూ చేసినవే. 2007లో ప్రపంచ వాతావరణ సంస్థ ఇచ్చే ఐఎంఓ బహుమతి, 2012లో పద్మశ్రీ వచ్చాయి.

మన దేశానికి సంబంధించి ఆయన పనిలో ఇంకో ముక్క ఉంది. 1980ల మధ్యలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం అమెరికాను సూపర్ కంప్యూటర్ అడిగింది. అణ్వాయుధాల లెక్కలకు వాడతారేమోనన్న అనుమానంతో అమెరికా చాలాకాలం నాన్చి, అడిగిన క్రే ఎక్స్-ఎంపీ 24 బదులు చిన్నదైన 14 ఇచ్చింది. వాతావరణ పనికి తప్ప వాడకూడదని షరతు పెట్టింది. 1988లో ఢిల్లీలో జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం ఏర్పడింది. దాని స్థాపనలో శుక్లాది ముఖ్యమైన పాత్ర. ఈ కథలో అందరికీ గుర్తున్నది అమెరికా మొండికేయడం, దాంతో మనవాళ్లు సీడాక్ అనే సంస్థ పెట్టి 1991లో పరమ్ సూపర్ కంప్యూటర్ తయారు చేయడం. వచ్చిన ఆ చిన్న యంత్రం చేసిన పనిని ఎవరూ తలచుకోరు. మూడు నుంచి పది రోజుల సూచనకు కావలసిన ప్రపంచవ్యాప్త లెక్కను మన గడ్డ మీద వేయడం దానితోనే మొదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల ద్వారా రైతులకు వాతావరణ సలహాలు ఇచ్చే ఏర్పాటు ఆ కేంద్రం నుంచే 1991లో ఆరంభమైంది.

శుక్లా వాదనకు అన్నిటికన్నా గట్టి రుజువు 1998లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. లోరెంజ్ ప్రయోగాన్ని తిరగేసినట్టుంటుంది అది. రెండు వేర్వేరు సంవత్సరాల డిసెంబరు ఆకాశాలను తీసుకున్నారు: ఒకటి 1982, ఇంకొకటి 1988. మొదటిది భారీ ఎల్‌నినో కాలం, రెండోది లానినా కాలం. అంకెల్లో నాలుగు వేలల్లో ఒక వంతు కాదు, పూర్తిగా వేరువేరు ఆకాశాలు. రెంటికీ కింద ఒకే సముద్రాన్ని పెట్టి లెక్క నడిపారు. లోరెంజ్ పాఠం ప్రకారం అవి ఎప్పటికీ కలవకూడదు. ఉష్ణమండల పసిఫిక్‌లో అవి కలిశాయి. ఎక్కడ మొదలైనా సముద్రం చెప్పిన చోటికే గాలీ వానా వచ్చి చేరాయి. అంటే కొన్ని ప్రాంతాల్లో, రుతువు సగటు విషయంలో, సీతాకోకచిలుక రెక్కలు ఎంత ఆడించినా ఫరవాలేదు. సముద్రపు వేడిని ఎన్ని నెలల ముందు చెప్పగలిగితే అన్ని నెలల ముందు వానను చెప్పవచ్చు.

ఇక ఇందాక ఆపిన సంగతి. సరిగ్గా ఆ ముందటేడే, 1997లో, ఇరవయ్యో శతాబ్దంలోకెల్లా పెద్ద ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది. సూత్రం ప్రకారం మనకు ఘోరమైన కరువు రావాలి. వర్షం సగటుకన్నా రెండు శాతం ఎక్కువే పడింది. అయిదేళ్ల తర్వాత, 2002లో దీనికి రివర్సు. వాతావరణ శాఖ 16 అంశాల గణాంక సూత్రంతో 101 శాతం వర్షం చెబితే పడింది 81 శాతం. జులైలో దేశమంతా ఆకాశం మొండికేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఖరీఫ్ ఎండిపోయింది.

1997 చిక్కుముడిలో ఒక పోగును హిందూ మహాసముద్రంలో దొరకబట్టారు. ఆ ఏడు సముద్రం పడమటి వైపు వేడెక్కి, ఇండోనేసియా వైపు చల్లబడింది. ఇలాంటప్పుడు ఎల్‌నినో దెబ్బ మన మీద తగ్గుతుందని 2001లో చూపించిన పత్రానికి మొదటి రచయిత కారుమూరి అశోక్. ఆయన తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. రెండో పోగు ఇంకా లోతైనది. పసిఫిక్‌లో సముద్రం గాలిని నడుపుతుంది. మన చుట్టూ ఉన్న సముద్రాల్లో వానాకాలం వచ్చేసరికి గాలే సముద్రాన్ని మారుస్తుంది: మబ్బు పట్టి ఎండ ఆగుతుంది, ఈదురుగాలికి పైనీరూ అడుగు నీరూ కలగలుస్తాయి, పైనీరు చల్లబడుతుంది. అలాంటప్పుడు సముద్రాన్ని ఒక అంకె దగ్గర బిగించి పైన లెక్క కడితే తప్పు జవాబే వస్తుంది. 1975 నాటి పద్ధతికి రుతుపవనాల ప్రాంతంలోనే గండి పడిందన్నమాట. సముద్రం, గాలి రెండూ ఒకదాన్నొకటి మార్చుకుంటూ కలిసి నడిచే మోడళ్లే దీనికి మార్గం. శుక్లా కూడా వాటి కోసమే గట్టిగా వాదించారు. ఏ దేశానికీ ఒంటరిగా సాధ్యం కానంత పెద్ద కంప్యూటర్లు వీటికి కావాలని, దేశాలు కలిసి పెట్టుకోవాలని 2008లో ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో జరిగిన సమావేశంలో పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఉమ్మడి కంప్యూటర్ కేంద్రం కల ఆయన కోరినంతగా నెరవేరలేదు. మన దేశంలో 2012లో మొదలైన మాన్‌సూన్ మిషన్ మాత్రం కలిసి నడిచే మోడల్‌నే నమ్ముకుంది.

కాబట్టి చార్నీ, శుక్లా పరికల్పన నెగ్గిందా ఓడిందా అని అడిగితే, పసిఫిక్ విషయంలో నెగ్గింది, మన నేల మీద సగం నెగ్గింది అంటాను. రుతుపవనాలలో సముద్రం చేతిలో లేని అంతర్గత ఊగిసలాట వాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉందని తేలింది. వానలు నాలుగు నెలలూ ఒకే తీరున కురవవు. కొన్నాళ్లు జోరు, కొన్నాళ్లు విరామం. ఇంచుమించు 30 నుంచి 50 రోజులకొకసారి తిరిగొచ్చే ఈ అలను బయటపెట్టినవారిలో టి.ఎన్. కృష్ణమూర్తి ఒకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1953లో ఎమ్మెస్సీ చేసి, అమెరికా వెళ్లి, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఉష్ణమండల వాతావరణ మోడళ్లకు పెద్ద దిక్కుగా ఉన్నారు.

అనంతపురంలో వేరుశనగ వేసిన రైతుకు దేశం మొత్తం మీద 98 శాతమో 103 శాతమో అన్న అంకెతో ఒరిగేది తక్కువే. ఊడలు దిగే వేళ ఇరవై రోజులు వాన మొహం చాటేస్తుందా అన్నది తెలియాలి. పదిహేను రోజుల గోడకూ నాలుగు నెలల సగటుకూ మధ్యనున్న ఈ ఖాళీ మీదే ఇప్పుడు పని ఎక్కువగా జరుగుతోంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాలకు ఒక విస్తరిత సూచన ఇస్తుంది. అందులో మొదటి వారం లెక్క పొద్దున కొలిచిన ఆకాశం నుంచి వచ్చింది. మూడు, నాలుగు వారాల లెక్కకు ఆధారం చాలావరకు ఆ తిరిగొచ్చే అల, కింద ఉన్న సముద్రపు వేడి. అందుకే ఆ వారాలకు రోజువారీ లెక్క ఉండదు, ‘సాధారణం కన్నా ఎక్కువ’, ‘సాధారణం కన్నా తక్కువ’ అనే రంగులే ఉంటాయి. ఒకే మోడల్‌ను కొద్దికొద్దిగా మార్చిన ఆకాశాలతో పలుమార్లు నడిపితే, వాటిలో ఎక్కువ భాగం ఏ వైపు మొగ్గాయో అదే ఆ రంగు.